గడ్డ పండకముందు కత్తి వద్దు: ఊళ్ళో ఆవు పొదుగు, ఇక్కడ మన ఫోను



ఈ వారం ఎపిసోడ్‌లో మా ఇంటి ఆవు సంగతి చెప్పాను. మైకు ముందు కూర్చుంటే సగం మాటలు మర్చిపోతాం కదా. అందుకే అక్కడ చెప్పింది, చెప్పలేకపోయింది కలిపి ఇక్కడ వరసగా రాస్తున్నా. ఊళ్ళో పాడి ఉన్నవాళ్లు దీన్ని ఇంటికి పంపుకోవచ్చు.

ముందే ఒక మాట. నేను పశువుల డాక్టర్ని కాదు. ఐటీఐ చదివి, షార్జా వచ్చి, కూలీతో మొదలుపెట్టి ఇప్పుడు సైట్ సూపర్‌వైజర్‌గా ఉన్నా. మా ఊరు జగిత్యాల దిక్కు. ఇంజెక్షన్ల పేర్లు, మోతాదులు నేను రాయను. అవి ఆవును చూసిన డాక్టరే రాయాలి. నేను రాసేది ఒకసారి నేను చెడగొట్టి, ఇంకోసారి మా ఇంటామె సరిగ్గా చేసి, ఇద్దరం నేర్చుకున్న సంగతి.

మొదటిసారి నేను చేసిన తప్పు

2015లో మా కొట్టంలో ఒక జెర్సీ సంకరం ఆవు ఉండేది. ఇక్కడి జీతంలోంచి పంపిన పైసలతో కొన్న మొదటి ఆవు అది. పూటకు నాలుగున్నర లీటర్లు ఇచ్చేది. పాలకేంద్రం బిల్లుతోనే ఇంటి కిరాణా, పిల్లల ఫీజులు నడిచేవి. నేను పంపేది అప్పులకు పోయేది.

ఒకరోజు పొద్దున ఇంటి నుంచి ఫోన్. రాత్రి పక్క ఆవు కొమ్ముతో పొడిచింది, తెల్లారేసరికి పొదుగు పక్కన కొబ్బరికాయంత లేచింది అన్నారు. ఆ రోజు మాకు స్లాబ్ వేసే పని. ఒక చెవిలో పంపు ఆపరేటర్, ఇంకో చెవిలో మా ఇంటామె.

"గట్టిగుందా, మెత్తగుందా?" అని అడిగాను.

"మెత్తగనే ఉంది."

"మెత్తగుంటే పండినట్టే. కోయించు, చీము పోతే అదే తగ్గుతది" అన్నాను.

ఊళ్ళో పశువులకు నాటువైద్యం చేసే ఒకాయనను పిలిచి బ్లేడుతో కోయించారు. లోపల చీము లేదు. రక్తం. పొదుగుకు రక్తం ఎంత పారుతుందో ఆరోజు మా కొట్టంలో చూశారు. పాత చీరలు మడిచి అదిమిపట్టి, మండలం నుంచి డాక్టర్ వచ్చేదాకా మా అమ్మ, ఇంటామె వంతులవారీగా కూర్చున్నారు. ఆయన వచ్చి కుట్లు వేశాడు. ఆవు బతికింది. కానీ ఆ గాయం చెడింది, పాలు పిండినప్పుడల్లా చన్ను నుంచి కొంత, గాయం నుంచి కొంత కారేవి. ఆ పక్క ఎండిపోయింది. ఆఖరికి సగం ధరకు అమ్మేశాం. బేరగాడు తోలుకపోతుంటే మా అమ్మ ఇంట్లోంచి బయటికి రాలేదట.

నన్ను ఎవరూ ఏమీ అనలేదు. "అయింది పోయింది" అన్నారు. కానీ కోయమన్నది నేను. చూడకుండా, ముట్టుకోకుండా, దాదాపు రెండున్నర వేల కిలోమీటర్ల దూరం నుంచి.

పొదుగు లోపల ఏముంటుంది

ఆవు పొదుగు బయటికి ఒకటే సంచిలా కనిపిస్తుంది. లోపల నాలుగు గదులు. ఒక్కో గదికి ఒక్కో చన్ను. ఒక గదిలో పాలు పక్క గదిలోకి పోవు. అందుకే ఒకటి చెడినా మిగతా మూడు బాగుండొచ్చు. ఒకటి పోయినా ఆవు మూడు చన్నులతో పాలిస్తుంది.

పాలు తయారయ్యేది రక్తంలోంచే. అందుకని పొదుగు నిండా పెద్దవీ చిన్నవీ రక్తనాళాలు. పొట్ట కింద ముందుకు పాకే లావాటి నరం చూసే ఉంటారు, పాల నరం అంటాం. గోడలో పైపు ఎక్కడుందో తెలియకుండా మనం డ్రిల్ పెట్టం కదా, పొదుగు కూడా అంతే. ఎక్కడ కోయాలి, ఎంత లోతు కోయాలి అన్నది తెలిసినవాళ్ల పని. లోతు పోతే రెండు నష్టాలు. రక్తం ఆగదు, లేదా పాల గదికి రంధ్రం పడి పాలు గాయం నుంచి కారుతూనే ఉంటాయి. మాకు రెండూ అయ్యాయి.

వాపులన్నీ గడ్డలు కావు

తర్వాత సెలవులో ఊరికి పోయినప్పుడు ఆ డాక్టర్ దగ్గర కూర్చుని అడిగాను. ఆయన ఓపికగా చెప్పింది ఇది.

దెబ్బ తగిలి రక్తం గూడుకట్టిన వాపు: కొన్ని గంటల్లోనే, లేదా రాత్రికి రాత్రే వస్తుంది. మొదట్లో మెత్తగా, నీళ్ల సంచిలా ఉంటుంది. తర్వాత రోజుల్లో గట్టిపడుతుంది. మొదట వేడి అంతగా ఉండదు. దీన్ని కోయకూడదు. చాలావరకు మెల్లగా అదే కరుగుతుంది.

చీము గడ్డ: నెమ్మదిగా పెరుగుతుంది, కొన్ని రోజులు పడుతుంది. మొదట గట్టిగా, వేడిగా ఉంటుంది, ముట్టుకుంటే ఆవు తంతుంది. తర్వాత ఒకచోట మెత్తబడి, అక్కడ చర్మం పలచబడి వెంట్రుకలు రాలుతాయి. అదే పండటం. అంటే రక్తపు వాపు మెత్తగా మొదలై గట్టిపడుతుంది, చీము గడ్డ గట్టిగా మొదలై మెత్తబడుతుంది. నేను ఫోన్‌లో అడిగిన ఒక్క ప్రశ్నతో ఇది తేలదు. ఎప్పుడు మొదలైందో కూడా అడగాలి.

పొదుగు వాపు వ్యాధి: గడ్డలా ఒకచోట కాకుండా గది మొత్తం వాస్తుంది. పాలు మారతాయి. విరిగినట్టు ముక్కలు, నీళ్లలా పలచన, ఒక్కోసారి రక్తం, ఉప్పటి రుచి. దీనికి కోత లేదు, మందు. ఆలస్యం చేస్తే ఆ గది పోతుంది.

ఈనే ముందు, ఈనిన కొత్తలో వచ్చే నీటి వాపు: రెండు పక్కలా ఉంటుంది, వేలితో నొక్కితే గుంట పడి కాసేపు ఉంటుంది, నొప్పి పెద్దగా ఉండదు. ముఖ్యంగా తొలిచూలు ఆవుల్లో ఎక్కువ. మామూలుగా కొద్ది రోజుల్లో తగ్గుతుంది.

పొదుగు మీదే కాక ఒళ్ళంతా బుడిపెలు లేచి జ్వరం ఉంటే అది వేరే జబ్బు, ముద్ద చర్మ వ్యాధి కావచ్చు. ఆ ఆవును మిగతా వాటి నుంచి వేరుగా కట్టి డాక్టర్‌కు చెప్పాలి.

రెండోసారి

పోయిన ఏడు జూలైలో. ఇక్కడ ఎండాకాలం మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా బయట పని ఆపుతారు, మీకు తెలుసు. ఆ విరామంలో నేను ఇంటికి ఫోన్ చేస్తా. అక్కడ అప్పటికి రెండు దాటుతుంది.

"గంగ పాలు పిండనిస్తలేదు. వెనక ఎడమ చన్ను ముట్టుకుంటే కాలెత్తి కొడుతుంది. చన్నుకు పైన నిమ్మకాయంత గడ్డ ఉంది" అంది మా ఇంటామె. గంగ ఇప్పటి ఆవు, రెండో ఈత. పక్కింటి పెద్దాయన అప్పటికే సలహా ఇచ్చాడట, కోస్తే పోతుందని.

నా నోటి చివరిదాకా వచ్చింది. ఆపుకున్నాను. ఈసారి చెప్పడం మానేసి అడగడం మొదలుపెట్టాను. నేను అడిగినవి ఇవి, మీరూ ఇవే అడగండి.

ఎప్పుడు చూశావు? దెబ్బ ఏమైనా తగిలిందా? గట్టిగా ఉందా, మెత్తగా ఉందా? చెయ్యి వెనక భాగంతో ముడితే మిగతా పొదుగు కంటే వేడిగా ఉందా? ఆ చన్ను పాలు నల్లటి గుడ్డ మీద పిండితే ముక్కలు కనబడుతున్నాయా? మేత తింటుందా, నెమరు వేస్తుందా? జ్వరం ఎంత?

మా ఇంట్లో ఇప్పుడు పశువులకు విడిగా ఒక థర్మామీటర్ ఉంది. తోక ఎత్తి మలద్వారంలో పెట్టి చూడాలి. ఆవుకు సుమారు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ మామూలే. 103 దాటితే జ్వరం అనుకోవాలి. గంగకు 103.2 ఉంది. గడ్డ గట్టిగా, వేడిగా ఉంది. నాలుగు రోజుల కింద చిన్న కందిలా తగిలిందని, బురదలో ఏదో గుచ్చుకుని ఉంటుందని అనుకుందట. పాలు బాగానే ఉన్నాయి, మేత సగం తింటుంది.

"నాకైతే చీము గడ్డే అనిపిస్తుంది. కానీ ఇంకా గట్టిగనే ఉంది. ఇప్పుడు ముట్టొద్దు. డాక్టర్‌ను పిలుస్తున్న" అంది. నేను "సరే" అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి నాకు ఒక ఆవు ఖర్చయింది.

వీడియో కాల్ కంటే ఫోటోలు మేలు. వీడియోలో ఆవు కదులుతుంది, నెట్ ఆగుతుంది. వెనక నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, రోజూ అదే చోట నిలబడి, పక్కన చెయ్యి పెట్టి తీయమన్నాను. నాలుగు రోజుల ఫోటోలు వరసగా పెడితే పెరుగుతుందా తగ్గుతుందా తెలుస్తుంది. డాక్టర్‌కు కూడా అవే పంపింది.

మన రెండు రాష్ట్రాల్లో 1962కు ఫోన్ చేస్తే పశువుల సంచార వైద్య వాహనం సేవ ఉంది. ఈ నంబర్ మీ ఇంట్లో గోడ మీద రాయించండి. ఊళ్ళో గోపాలమిత్ర ఉంటే ఆయనకూ చెప్పొచ్చు, కానీ పొదుగు కోత మాత్రం డాక్టర్ పనే.

డాక్టర్ ఏం చేశాడు

మొదటిరోజు ఆయన కత్తి తీయలేదు. గడ్డ చుట్టూ కడిగి, తుడిచి, సన్న సూదితో కొంచెం లాగి చూశాడు. సిరంజిలోకి చిక్కటి పసుపు చీము వచ్చింది. రక్తం వచ్చి ఉంటే అక్కడితో ఆపేవాడు. పదేళ్ల కింద మా కొట్టంలో జరగాల్సిన పని అదే, ఒక్క సూది.

"ఇంకా పండలేదు, మూడు నాలుగు రోజులు ఆగుదాం" అన్నాడు. స్లాబ్ సెట్ కాకముందే సెంట్రింగ్ విప్పితే ఏమవుతుందో మనకు చెప్పాలా? పచ్చి గడ్డను కోస్తే చీమంతా రాదు, కొంత లోపలే ఉండి మళ్ళీ కడుతుంది.

పండటానికి కాపడం చెప్పాడు. వేడి నీళ్లలో ఉప్పు వేసి, గుడ్డ ముంచి పిండి, పావుగంట సేపు, రోజుకు మూడుసార్లు. మన చెయ్యి ఓర్చుకునేంత వేడే ఉండాలి, పొదుగు చర్మం తొందరగా కాలుతుంది. తర్వాత ఆయన ఇచ్చిన నల్లటి ఆయింట్‌మెంట్ పూయాలి. గుర్తుపెట్టుకోండి, ఈ వేడి కాపడం చీము గడ్డ అని తేలాకే. కొత్తగా దెబ్బ తగిలి రక్తం గూడుకట్టిన చోట వేడి పెడితే రక్తం ఇంకా చేరుతుంది. అక్కడ మొదటిరోజు చల్లటి నీళ్లే.

నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చాడు. ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. మనుషులకు వాడే డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడటం మన దేశంలో 2006 నుంచి నిషేధం. ఆ మందు పడ్డ పశువు చచ్చిపోతే, దాన్ని తిన్న రాబందులు కిడ్నీలు చెడి చనిపోతాయి. మన చిన్నప్పుడు ఊరి బయట కనిపించిన రాబందులు ఇప్పుడు కనిపించకపోవడానికి పెద్ద కారణం ఇదే. మందుల షాపులో ఎవరైనా ఇస్తే తీసుకోవద్దని ఇంట్లో చెప్పండి. పశువులకు వేరే నొప్పి మందులున్నాయి, డాక్టర్ రాస్తాడు.

అయిదో రోజుకు గడ్డ కింది భాగం మెత్తబడి, వెంట్రుకలు రాలి, చర్మం మెరిసింది. ఆయన వచ్చి ఆవును గుంజకు కట్టించి, వెనక కాళ్లకు బంధం వేయించి, ఆ చోట మత్తు సూది వేశాడు. మెత్తబడిన చోట, అన్నిటికంటే కిందుగా చిన్న కోత పెట్టాడు. కిందుగా ఎందుకంటే చీము దానంతట అదే కారాలి. పైన కోస్తే కింద గుంటలో నిలిచిపోతుంది. చెంబెడు చీము వచ్చిందట. దాన్ని నేల మీద పడనీయకుండా పాత బకెట్‌లో పట్టి, బ్లీచింగ్ పౌడర్ వేసి దూరంగా గుంట తీసి పూడ్చారు. ఆ చీములో ఉండే సూక్ష్మజీవులు పక్క ఆవుకు, దూడకు, పిండేవాళ్ల చేతి పుండ్లకు అంటుకుంటాయి. గ్లౌజులు తప్పనిసరి.

తర్వాత రోజూ పని ఇంటివాళ్లదే. అయోడిన్ మందును కాచి చల్లార్చిన నీళ్లలో పలచటి టీ రంగు వచ్చేలా కలిపి, సూది లేని సిరంజితో గుంట కడగాలి. డాక్టర్ పెట్టిన గాజు గుడ్డ తీసి కొత్తది మందులో ముంచి పెట్టాలి. గుంట లోపలి నుంచి పూడాలి, పైన చర్మం ముందే మూసుకుపోకూడదు. ఆ గుడ్డ పని అదే. గుంట చిన్నదైన కొద్దీ గుడ్డ చిన్నదవుతుంది. గాయం చుట్టూ ఈగలు వాలకుండా డాక్టర్ ఇచ్చిన స్ప్రే కొట్టాలి. వానాకాలం ఈగ వాలిందంటే రెండు రోజుల్లో పురుగు పడుతుంది.

కలబంద, పసుపు, సున్నం నూరి పూయడం చాలామందికి తెలుసు. పొదుగు వాపు మొదలైనప్పుడు పైపూతగా జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ కూడా దాన్ని ప్రచారం చేసింది. నేను దాన్ని తక్కువ చేయను. కానీ చీము పట్టిన గడ్డకు దారి కావాలి, పూత దారి ఇవ్వదు. కోసిన గాయం లోపల మాత్రం సున్నం పెట్టొద్దు, మండుతుంది.

పాల సంగతి

ఇక్కడే చాలా ఇళ్లలో తప్పు జరుగుతుంది. తెల్లగా ఉన్నాయి కదా అని పాలు పోసేస్తారు.

యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఆవు ఒంట్లోకి పోతే నాలుగు చన్నుల పాలలోకీ వస్తుంది, గడ్డ ఉన్న ఒక్క చన్నులోకే కాదు. ఎన్ని రోజులు పాలు వాడకూడదో మందు సీసా మీద ఉంటుంది. డాక్టర్‌ను అడిగి, ఆఖరి ఇంజెక్షన్ నుంచి లెక్కపెట్టాలి. మరిగించినంత మాత్రాన ఆ మందు పోతుందని నమ్మొద్దు. మా అమ్మ ఒకరోజు ఆ పాలు పారబోయలేక తోడు పెట్టింది. పొద్దటికి పెరుగు కాలేదు, పాలు పాలలాగే ఉన్నాయి. తోడుకునే సూక్ష్మజీవుల్ని ఆ మందు పెరగనివ్వలేదు. దాంతో మా అమ్మకు నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

అన్ని రోజులు పాలకేంద్రానికి పోయలేదు. మాకు రోజుకు ఎనిమిది లీటర్ల నష్టం. నేను ఆ నెల ఓవర్‌టైమ్ పైసలు విడిగా పంపాను. మన పిల్లలకు పెట్టనిది ఇంకొకరి పిల్లలకు ఎట్లా పోస్తాం?

పాలు ఆపినా పిండడం ఆపకూడదు. నిలిచిపోతే వాపు వ్యాధి తోడవుతుంది. మంచి చన్నులు ముందు, జబ్బు పక్క చన్ను ఆఖరున పిండాలి. వేరే ఆవు ఉంటే దాన్ని ముందే పిండాలి. తర్వాత చేతులు సబ్బుతో కడగాలి. ఆ పాలు దూడకు తాగించకుండా పూడ్చిపెట్టారు.

ఈ గుర్తులు కనిపిస్తే ఆ రోజే డాక్టర్

ఆవు మేత పూర్తిగా మానేస్తే. జ్వరం 104 దాటితే. పొదుగులో ఒక భాగం చల్లబడి, నీలంగా లేదా నల్లగా మారితే, అది ప్రాణం మీదికి వచ్చే జబ్బు. గడ్డ అదే పగిలి రక్తం ఆగకపోతే. గాయం నుంచి పాలు కారితే. వీటిల్లో ఏది ఉన్నా రేపు అనొద్దు.

మళ్ళీ రాకుండా

డాక్టర్ కొట్టం చూసి రెండే అడిగాడట. ఈ బురద ఎందుకు, ఆ రేకు అంచు ఎందుకు అట్లా ఉంది అని. ఆవు పడుకునే చోట వాలు లేదు. పక్కన తొట్టి మీది ఇనుప రేకు విరిగి ఉంది. నేను ఇక్కడ రోజూ సేఫ్టీ రౌండ్‌లో మేకు కనిపిస్తే అరుస్తాను. మా సొంత కొట్టంలో మేకు నాకు కనబడలేదు.

ఇప్పుడు కొట్టం నేలను వెనక్కి వాలు పెట్టి, గరుకుగా ఉండేలా కాంక్రీట్ వేయించాం. నున్నగా వేస్తే ఆవు జారి పడుతుంది. పిండేముందు పొదుగు కడిగి పొడిగుడ్డతో తుడుస్తారు. పిండాక ఒక్కో చన్నును అయోడిన్ మందులో ముంచుతారు. పిండిన వెంటనే మేత వేసి అరగంట పడుకోనీయరు, ఎందుకంటే అప్పుడు చన్ను రంధ్రం ఇంకా తెరిచి ఉంటుంది. పొడిచే ఆవును దూరంగా కట్టారు.

గంగ గాయం పూడటానికి మూడు వారాలు పట్టింది. ఆ చన్ను ఇప్పుడు ముందటి కంటే కొంచెం తక్కువ ఇస్తుంది, కానీ ఇస్తుంది. చన్ను పైన చిన్న మచ్చ ఉంది. సెలవులో పోయినప్పుడు వేలితో తడిమి చూశాను, తన్నలేదు.

తమ్ముళ్లూ, మనం ఇక్కడ ఉండి ఇంటికి పైసలు పంపుతాం కాబట్టి మాట కూడా మనదే చెల్లాలనుకుంటాం. ఆవు పొదుగు మీద చెయ్యి పెట్టేది మాత్రం అక్కడున్న ఆడవాళ్లు. వాళ్ల చేతికి తెలిసింది మన ఫోన్‌కు తెలియదు. ఈసారి ఇంటి నుంచి ఇట్లాంటి ఫోన్ వస్తే "కోయించు" అనకండి, "మందు వెయ్" అనకండి. పైన రాసిన ప్రశ్నలు అడగండి, డాక్టర్ ఫీజు పంపండి, పాలు పోయిన రోజులకు పైసలు సర్దండి. మిగతాది వాళ్లు చూసుకుంటారు.